నాటడం కంటే ముందు: దెబ్బతిన్న తీరాలు తిరిగి ఎలా కోలుకుంటాయి?

2012లో ఫిలిప్పీన్స్‌లోని లూజాన్ దీవిలో, రగాయ్ అఖాతం ఒడ్డున, జనం ఒక్క గంటలో పది లక్షలకు పైగా మడ మొక్కలు నాటారు. ప్రపంచ రికార్డు వచ్చింది. ఎనిమిదేళ్ల తర్వాత వెళ్లి చూస్తే నూటికి రెండు మొక్కలు కూడా మిగల్లేదు. కొన్ని నిలబడ్డ చోటే చచ్చిపోయాయి, కొన్ని అలలకు కొట్టుకుపోయాయి.

శ్రీలంకలోనూ ఇలాంటిదే జరిగింది. 2004 సునామీలో మడ అడవులు ఉన్నచోట నష్టం తగ్గిందన్న మాట వ్యాపించాక, అక్కడి తీరంలో 23 చోట్ల, మొత్తం రెండున్నర వేల నుంచి మూడు వేల ఎకరాల్లో మడ మొక్కలు నాటారు. 2017లో వెలువడిన అధ్యయనం ప్రకారం అందులో బతికి బట్టకట్టింది 500 ఎకరాల పైచిలుకు మాత్రమే. తొమ్మిది చోట్ల ఒక్క మొక్క కూడా లేదు.

ఈ రెండు చోట్లా జనం పడ్డ కష్టం నిజమైనది, ఖర్చు పెట్టిన డబ్బూ నిజమైనదే. అందుకే ఈ వైఫల్యం మరీ బాధ కలిగిస్తుంది. నిర్ణయాలు తీసుకున్నవాళ్లు ఎన్ని మొక్కలు నాటాలి అని లెక్క వేసుకున్నారు గానీ, ఇక్కడ అడవి తనంతట తాను ఎందుకు పెరగడం లేదు అని అడగలేదు. మడ అడవి అయినా, సముద్రపు గడ్డి అయినా, ఉప్పు చిత్తడి (పోటు నీరు వచ్చిపోయే గడ్డి నేల) అయినా, పగడపు దిబ్బ అయినా బాగుచేసే పని ఈ ప్రశ్నతోనే మొదలవ్వాలి. జవాబు తెలియకుండా చేసిన పని చాలావరకు సముద్రం పాలవుతోంది.

మడ చెట్టు ఉప్పునీటి అంచున పెరుగుతుంది, కానీ ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉండి బతకలేదు. దాని వేళ్లకు గాలి కావాలి. తెల్లమడ చుట్టూ బురదలోంచి పెన్సిళ్లలా నిటారుగా లేచే శ్వాసవేళ్లూ, ఉప్పుపొన్న కాండం నుంచి వంగి నేలలోకి దిగే ఊడవేళ్లూ పాటు వేళ నీరు తీసినప్పుడు గాలి అందుకోవడానికే ఉన్నాయి. అమెరికాలోని ఫ్లోరిడాలో దశాబ్దాల పాటు మడ అడవులను బాగుచేసే పని చేసిన రాబిన్ లూయిస్ ఒక లెక్క చెప్పేవారు: మొత్తం సమయంలో 30 శాతానికి మించి నీళ్లలో ఉండే నేల మీద మడ అడవి నిలదొక్కుకోదు. అంటే నేల ఎత్తు సగటు సముద్రమట్టానికి కాస్త పైన ఉండాలి. ఎత్తులో కొద్ది సెంటీమీటర్ల తేడా వచ్చినా మొక్క భవిష్యత్తు మారిపోతుంది. కింది బురదలో నాటిన మొక్క మొదట్లో పచ్చగానే కనిపిస్తుంది, ఎందుకంటే తల్లి చెట్టు నుంచి తెచ్చుకున్న ఆహారం దాని కాయలో ఉంటుంది. అది అయిపోయాక ఆకులు రాలతాయి, కాండానికి గుల్లలు పట్టి బరువెక్కుతుంది, చివరికి ఓ పెద్ద అల వచ్చి పీకేస్తుంది. ప్రారంభోత్సవం నాటి ఫొటోలో ఇవేవీ కనిపించవు.

మరి తెలిసి తెలిసి అంత కిందికి ఎందుకు నాటుతున్నారు? కారణం చాలామటుకు భూమి హక్కులది. మడకు సరిపోయే ఎత్తున్న నేలంతా ఏనాడో చేపల చెరువులు, రొయ్యల చెరువులు అయిపోయింది. వాటికి యజమానులో, లీజుదారులో ఉంటారు. ఎవరి అభ్యంతరమూ లేకుండా ఖాళీగా దొరికేది సముద్రం వైపు ఉన్న బురద మైదానం ఒక్కటే. ఫిలిప్పీన్స్ శాస్త్రవేత్త జర్జెన్ ప్రిమవేరా తన సహ పరిశోధకుడితో కలిసి 2008లో ప్రచురించిన సమీక్షలో ఇదే తేల్చారు: పెద్ద నిధులతో చేసిన నాట్లలో దీర్ఘకాలంలో బతికింది 10 నుంచి 20 శాతమే, దానికి ముఖ్య కారణాలు తప్పు స్థలం, తప్పు జాతి. సముద్రానికి ఎదురుగా సహజంగా ముందు నిలబడేవి తెల్లమడ లాంటి జాతులు. నాటింది మాత్రం ఎక్కువగా ఉప్పుపొన్న కుటుంబం, ఎందుకంటే దాని కాయ చెట్టు మీదే మొలకెత్తి పొడుగ్గా వేలాడుతుంది, కోసుకొచ్చి బురదలో గుచ్చేస్తే సరిపోతుంది. నర్సరీ అక్కర్లేదు. పైగా కొన్నిచోట్ల ఆ గుచ్చిన బురద అప్పటికే సముద్రపు గడ్డి పెరుగుతున్న నేల. అంటే ఒక మంచి ఆవాసాన్ని తొక్కేసి, దాని మీద బతకని మరో దాన్ని పెట్టారన్నమాట.

పాడుబడ్డ చెరువుల లీజులు రద్దు చేసి తిరిగి మడ అడవికి ఇవ్వాలని ఫిలిప్పీన్స్‌లో 1998 నాటి మత్స్య చట్టమే చెబుతోంది. అమలు మాత్రం నత్తనడకే. ఒక చెరువు గట్టుకు సరైన చోట గండి కొట్టి పోటు నీటిని లోపలికి రానిస్తే వచ్చే ఫలితం వెయ్యి మంది రోజంతా మొక్కలు గుచ్చినా రాకపోవచ్చు. కానీ గండి కొట్టాలంటే ఫైలు కదలాలి, లీజుదారుతో పేచీ తేలాలి. మొక్కలు గుచ్చడానికి బస్సులు మాట్లాడుకుంటే చాలు.

ముందు నేల ఎత్తును, నీటి రాకపోకలను సరిచేసే లూయిస్ పద్ధతి ఆచరణలో ఎలా ఉంటుందో ఫ్లోరిడాలోని వెస్ట్ లేక్ చూపిస్తుంది. అక్కడ పూడిక తీసి పోసిన మట్టి దిబ్బల వల్ల నేల ఎత్తు పెరిగి, పోటు నీరు అందక మడ అడవి పోయింది. 1980ల చివర్లో ఆ మట్టిని తవ్వి తీసి, పక్కన బాగున్న అడవిలో నేల ఏ ఎత్తున ఉందో కొలిచి, ఇక్కడా అదే ఎత్తుకు దించి, ఉప్పుటేర్లను తిరిగి తవ్వారు. మడ మొక్కలు నాటాల్సిన అవసరం రాలేదు. కాయలు నీటితో పాటు కొట్టుకొచ్చి, తమకు సరిపడే ఎత్తు చూసుకుని పాతుకున్నాయి.

తమిళనాడులోని పిచ్చావరంలో సమస్య దీనికి తలకిందులు. అక్కడ ఒకప్పుడు అడవిని విభాగాలుగా చేసి, ఒక్కో విభాగంలో చెట్లన్నీ ఒకేసారి నరికేవారు. నీడ పోయిన బురద ఎండి కుంగింది. మధ్యలో పల్లం ఏర్పడింది. పోటుకు వచ్చిన నీరు పాటుకు బయటికి పోలేక అక్కడే నిలిచి, ఎండకు ఆవిరై, నేలలో ఉప్పు పేరుకుపోయింది. ఆ ఉప్పులో మడ మొక్కలు కూడా మొలవలేకపోయాయి. 1990ల్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీ శాఖ, అక్కడి ఊళ్లవాళ్లు కలిసి చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు: మధ్యలో ఒక పెద్ద కాలువ, దానికి రెండు వైపులా ఏటవాలుగా చిన్న కాలువలు. పోటుకు నీరు లోపలికి వెళ్లి, పాటుకు మొత్తం బయటికి వచ్చేస్తే ఉప్పు కడుక్కుపోతుంది. ఆ తర్వాతే కాలువల ఒడ్డున మొక్కలు నాటారు. గోదావరి, కృష్ణా డెల్టాల్లోనూ ఇదే పద్ధతి వాడారు. ఈ కాలువలకు ఒక షరతు ఉంది: ఒండ్రు చేరి పూడుకుపోతుంటాయి, కాబట్టి ఎప్పటికప్పుడు పూడిక తీయాలి. తీసే మనుషులు, కూలి డబ్బులు లేకపోతే కథ మళ్లీ మొదటికి వస్తుంది.

నాటడమే తప్పు అనుకోవడం కూడా సరికాదు. అమెరికాలోని వర్జీనియా తీరపు ఉప్పునీటి కయ్యల్లో ఒకప్పుడు సముద్రపు గడ్డి దట్టంగా ఉండేది. ఇది నాచు కాదు. వేళ్లు, పూలు, గింజలు అన్నీ ఉండి నీటి అడుగున బతికే నిజమైన మొక్క. 1930ల మొదట్లో ఉత్తర అట్లాంటిక్ అంతా పాకిన తెగులు, 1933 ఆగస్టులో వచ్చిన తుపాను కలిసి దాన్ని పూర్తిగా తుడిచిపెట్టాయి. గడ్డిని నమ్ముకుని బతికే స్కాలప్ చిప్పలు కూడా పోయాయి, వాటి వేట మీద బతికిన వాళ్ల జీవనమూ పోయింది. ఆ తర్వాత దాదాపు 70 ఏళ్ల పాటు అడుగు బోడిగానే ఉండిపోయింది.

విచిత్రమేమిటంటే అక్కడి నీరు బాగానే ఉంది. మురికి తక్కువ, వెలుతురు అడుగుదాకా వెళ్తోంది. 1990ల చివర్లో ఒక చిన్న గడ్డి మడి దానంతట అదే పెరుగుతూ కనిపించింది. అంటే ఈ నీరు గడ్డికి పడుతోంది, లేనిది విత్తనం ఒక్కటే. ఈ గడ్డి గింజలు తల్లి మొక్క నుంచి రాలాక చాలామటుకు కొద్ది మీటర్ల దూరంలోనే మట్టిలో పడి ఉండిపోతాయి. దూరంగా ఉన్న మడుల నుంచి అవి ఇక్కడికి చేరే అవకాశం చాలా తక్కువ. జబ్బు తేలిపోయింది కాబట్టి మందు కూడా తేలిపోయింది. సముద్రపు గడ్డి మీద పరిశోధన చేసే రాబర్ట్ ఆర్థ్, ఆయన సహచరులు వసంతంలో గింజలున్న కాడలు కోసి, సముద్రపు నీరు పారే తొట్లలో ఉంచి, గింజలు పండి అడుగుకు చేరాక వాటిని వేరుచేసి, చలికాలానికి ముందు పడవ మీద నుంచి చల్లేవారు. రెండు దశాబ్దాల్లో ఏడు కోట్లకు పైగా గింజలు చల్లారు. చల్లింది దాదాపు 530 ఎకరాల్లో. అక్కడి నుంచి గడ్డి తనంతట తాను పాకి దాదాపు 9,000 ఎకరాలు కమ్మేసింది. చేపలు పెరిగాయి, స్కాలప్‌లను తిరిగి ప్రవేశపెట్టారు. సముద్రపు గడ్డి విషయంలో ఇంతకంటే ఆశ కలిగించే ఉదాహరణ దొరకడం కష్టం.

ఇదే విత్తనాల పద్ధతిని ఫ్లోరిడాలోని టాంపా అఖాతంలో 1970ల్లో వాడి ఉంటే గింజలన్నీ వృథా అయ్యేవి. అక్కడ గడ్డిని చంపింది నగరాల మురుగు. మురుగులోని నత్రజని వల్ల నీళ్లలో పచ్చటి నాచు పెరిగి వెలుతురు అడుగుకు చేరనివ్వలేదు. 1950ల్లో 40 వేల ఎకరాల మేర ఉన్న గడ్డి 1980ల మొదటికి దాదాపు సగమైంది. మురుగు శుద్ధిని కఠినం చేస్తూ చట్టం వచ్చింది, 1979లో టాంపా నగర శుద్ధి కేంద్రం నత్రజనిని కూడా తొలగించే స్థాయికి మారింది. తర్వాత ఎరువుల కంపెనీలు, విద్యుత్ కేంద్రాలు, పురపాలికలు నత్రజని తగ్గించడానికి ఒప్పందాలు చేసుకున్నాయి. జనాభా పెరుగుతున్నా నీరు తేటపడింది. గడ్డి తిరిగొచ్చింది, 2016 నాటికి 41 వేల ఎకరాలు దాటింది. ఇందులో మనుషులు నాటిన వాటా చాలా చిన్నది. సముద్రపు గడ్డిని బతికించిన అసలు పని మురుగు శుద్ధి కేంద్రంలో జరిగింది.

ఉప్పు చిత్తడి నేలల సంగతికి వస్తే, అక్కడ చంపిందీ గట్టే, బతికించేదీ గట్టుకు కొట్టే గండే. ఇంగ్లండ్ తూర్పు తీరంలో శతాబ్దాల పాటు చిత్తళ్లకు అడ్డంగా కట్టలు కట్టి పొలాలు చేశారు. పోటుతో వచ్చే ఒండ్రు అందక ఆ పొలాలు బయటి చిత్తడి కంటే పల్లమైపోయాయి. నేరుగా గండి కొడితే చిత్తడి బదులు చెరువు ఏర్పడుతుంది. వాలసీ దీవిలో అందుకే ముందు నేల ఎత్తు పెంచారు. లండన్ కింద క్రాస్‌రైల్ అనే రైలు మార్గం కోసం సొరంగాలు తవ్వినప్పుడు వచ్చిన 30 లక్షల టన్నులకు పైగా మట్టిని ఓడల్లో తెచ్చి పోసి, 2015లో సముద్రపు కట్టను తెంచారు. నగరానికి పనికిరాని మట్టి పక్షులకు, చేపపిల్లలకు నేల అయింది.

అయితే ఇలా తిరిగొచ్చిన చిత్తళ్లు పాత వాటిలా ఉండవని బ్రిటన్‌లో జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. పొలంగా ఉన్నప్పుడు అణిగి గట్టిపడ్డ మట్టి నీటిని సరిగ్గా ఇంకనివ్వదు. సహజ చిత్తడిలో మెలికలు తిరిగే వాగులు, చిన్న మెరకలు, గుంటలు ఉంటాయి. కొత్త దానిలో నేల చదునుగా ఉంటుంది, మొక్కల రకాలూ తక్కువ. పచ్చగా కనిపించగానే పని అయిపోయిందని సంతకం పెట్టేవాళ్లు ఈ తేడాను పట్టించుకోరు. ఒక చిత్తడిని పాడుచేసుకోవడానికి అనుమతి ఇచ్చి, బదులుగా మరోచోట కొత్తది చేస్తామనే ఒప్పందాలను ఈ ఒక్క కారణంతోనైనా అనుమానంగా చూడాలి.

నాటే తీరులోనూ అటవీ శాఖల అలవాటు ఒకటి తీరానికి కుదరలేదు. తోటల్లో మొక్కకు మొక్కకు దూరం పాటిస్తారు, ఒకదాని తిండి మరొకటి లాక్కోకుండా. 2015లో వచ్చిన ఒక పరిశోధన ఉప్పు చిత్తడి గడ్డిని రెండు రకాలుగా నాటి చూసింది: ఎడంగా ఒక రకం, గుత్తులు గుత్తులుగా ఒక రకం. మొక్కల సంఖ్య ఒకటే. గుత్తులుగా నాటిన చోట సగటున రెట్టింపుకు మించి పెరుగుదల వచ్చింది. గాలి ఆడని బురదలో పక్కపక్కన ఉన్న మొక్కలు వేళ్ల ద్వారా నేలకు ఆక్సిజన్ పంచుకుంటాయి, అలను కలిసి తట్టుకుంటాయి. పైసా అదనపు ఖర్చు లేని మార్పు ఇది.

కొన్ని చోట్ల ఆవాసాన్ని మింగేస్తున్న కారణం పని జరిగే చోట కాదు, దానికి బయట ఉంటుంది. జావా ఉత్తర తీరంలోని దెమాక్‌లో మడ అడవులు నరికి చెరువులు తవ్వాక సముద్రం ఊళ్ల మీదికి వచ్చింది. కాంక్రీటు గోడలు అలను వెనక్కి కొట్టి అడుగు బురదను మరింత కోసేశాయి. 2015 నుంచి అక్కడ వెదురు గుంజల మధ్య కంప కూర్చిన దడులు కట్టారు. నీరు వాటిలోంచి దూరి వెళ్తుంది, అల జోరు తగ్గుతుంది, ఒండ్రు మేట వేస్తుంది, మేట తగినంత ఎత్తుకు వచ్చాక మడ మొలుస్తుంది. ఆలోచన చక్కనిది, కొన్నిచోట్ల పనిచేసింది కూడా. కానీ సెమరాంగ్ నగరం, చుట్టుపక్కల పరిశ్రమలు భూగర్భ జలాలు తోడేయడంతో కొన్ని చోట్ల నేల ఏడాదికి 8 సెంటీమీటర్లకు పైగా కుంగుతోంది. ఆ వేగాన్ని మేట అందుకోలేదు. దడి కట్టేవాళ్ల చేతిలో బోరుబావుల అనుమతులు ఉండవు, అనుమతులిచ్చే ఆఫీసుకు దడితో పని లేదు.

అమెరికాలోని లూసియానాలోనూ అసలు చిక్కు ఒండ్రుదే. మిసిసిపీ నదికి రెండు వైపులా కరకట్టలు కట్టేశాక దాని ఒండ్రు డెల్టా మీద పరచుకోవడం ఆగి లోతు సముద్రంలో పడుతోంది. చమురు కంపెనీలు తవ్విన కాలువల్లోంచి ఉప్పునీరు లోపలికి వచ్చింది. 1932 నుంచి 2016 వరకు దాదాపు 4,800 చదరపు కిలోమీటర్ల తీరపు నేల నీటి పాలైంది. కరకట్టలో తూము పెట్టి ఒండ్రు నీటిని బరాటారియా చిత్తడిలోకి మళ్లించే పథకం 2023లో మొదలైంది. ఖర్చు అంచనా 300 కోట్ల డాలర్లకు చేరింది. మంచినీరు వచ్చి పడితే ఆయిస్టర్లు చస్తాయని, రొయ్యల వేట దెబ్బతింటుందని జాలర్లు గట్టిగా వ్యతిరేకించారు. 2025 జులైలో రాష్ట్రం దాన్ని రద్దు చేసింది. జాలర్ల భయం నిరాధారం కాదు, ఆ చిత్తడి లేకపోతే వారి వేట కూడా ఉండదన్న శాస్త్రవేత్తల మాటా నిరాధారం కాదు. ఈ తరం నష్టపోయేది ఎంత, దాన్ని ఎవరు భరించాలి అనే లెక్క మొదట్లోనే కూర్చుని తేల్చుకోకపోతే ఎంత మంచి పథకమైనా ఇలా మధ్యలో ఆగిపోయే ప్రమాదం ఉంది.

కెన్యాలోని గాజీ బే ఊళ్లు ఈ లెక్కను చిన్న స్థాయిలో తేల్చుకున్నాయి. మికోకో పమోజా పేరుతో 2013 నుంచి అక్కడి సుమారు 290 ఎకరాల మడ అడవి మీద కార్బన్ క్రెడిట్లు (అడవి దాచిపెట్టే కర్బనానికి లెక్కకట్టి అమ్మే పత్రాలు) అమ్ముతూ, ఆ డబ్బును మంచినీటికి, బడులకు వాడుతున్నారు. అంతకంటే గమనించాల్సింది మరొకటి. కట్టెల కోసమే జనం మడ నరుకుతున్నారు కాబట్టి, ఒడ్డు పైన విడిగా సరుగుడు తోట వేశారు. నరికే అవసరాన్ని తగ్గించకుండా కాపలా పెట్టి లాభం లేదని వాళ్లకు తెలుసు.

తొందరపాటుతో చేసిన సహాయం ఎలా ఎదురు తిరుగుతుందో చైనా చూసింది. కోత ఆపడానికి 1979లో అమెరికా నుంచి తెచ్చిన స్పార్టినా గడ్డి తీరమంతా పాకి, పక్షులు మేసే బురద మైదానాలనూ సొంత మొక్కలనూ కప్పేసింది. దాన్ని పీకేయడానికి 2022లో దేశవ్యాప్త కార్యక్రమమే మొదలుపెట్టాల్సి వచ్చింది.

పగడాల దగ్గర పరిస్థితి మరింత కష్టం. ఇండోనేషియాలోని సులవేసీ దగ్గర బాంబులతో చేపలు పట్టడం వల్ల పొడి పొడి అయిన దిబ్బల మీద, ఇసుక పూసిన ఇనుప చట్రాలకు పగడపు ముక్కలు కట్టి అమర్చారు. నాలుగేళ్లలో అవి ఆరోగ్యంగా ఉన్న దిబ్బతో సమానమైన వేగంతో సున్నపు పొరలు కడుతున్నాయని 2024లో తేలింది. అక్కడ నష్టానికి కారణం బాంబులు, బాంబులు ఆగాయి కాబట్టి పని నిలిచింది. ఫ్లోరిడాలో 2023 వేసవిలో సముద్రపు వేడి ఎంత పెరిగిందంటే, దశాబ్దాలుగా నర్సరీల్లో పెంచి నాటిన కొమ్ము పగడాలు కూడా తెల్లబడి చచ్చిపోయాయి. కొన్నింటిని బతికించుకోవడానికి ఒడ్డు మీది తొట్లలోకి తరలించాల్సి వచ్చింది. స్థానికంగా ఎంత నేర్పుగా పనిచేసినా సముద్రం వేడెక్కడాన్ని ఆపలేకపోతే ఆ పగడాలకు చోటు ఉండదు. ఈ మాట దాచకుండా చెప్పి తీరాలి.

ప్రపంచ దేశాలు 2022లో మాంట్రియల్‌లో ఒప్పుకున్న లక్ష్యం ప్రకారం 2030 నాటికి దెబ్బతిన్న ఆవాసాల్లో కనీసం 30 శాతం పునరుద్ధరణలో ఉండాలి. గడువు దగ్గరపడే కొద్దీ ఎకరాలు, మొక్కల సంఖ్య చూపించాలనే ఒత్తిడి పెరుగుతుంది. తీర ఆవాసాల పునరుద్ధరణ మీద 2016లో వచ్చిన ఒక పెద్ద సమీక్షలో మధ్యస్థ బతుకు శాతం ఉప్పు చిత్తళ్లకు 65 దాకా, మడకు 51, సముద్రపు గడ్డికి 38 అని ఉంది. ఈ అంకెలు కూడా కాస్త ఎక్కువ చేసి చూపేవే, ఎందుకంటే వాటిలో చాలా ప్రాజెక్టులను ఒకటి రెండేళ్లకు మించి గమనించలేదు. పైగా విఫలమైన వాటి గురించి రాసేవాళ్లు తక్కువ. రగాయ్ ఒడ్డున ఎనిమిదేళ్లకు ఎవరో వెళ్లి చూశారు కాబట్టి సంగతి బయటపడింది.

పనులు అప్పగించే ఒప్పందాల్లోనే దీన్ని సరిచేయొచ్చు. బిల్లులో కొంత భాగాన్ని నాటిన రోజుకు కాకుండా ఐదో ఏడాది కొలతకు ముడిపెట్టాలి. నాటే ముందు నేల ఎత్తు, ఉప్పు, పోటు నీరు ఎంతసేపు నిలుస్తోంది అన్నవి కొలిచిన రికార్డు అడగాలి. గండి కొట్టడం, కాలువ పూడిక తీయడం, మురుగు తగ్గించడం లాంటి పనులకు మొక్కల పద్దులోంచే డబ్బు ఇచ్చే వీలుండాలి. కొలిచే పనికి అయ్యే ఖర్చును అనవసరపు ఖర్చుగా చూసే అలవాటు మానుకోవాలి.

టాంపా అఖాతం మీద 1988 నుంచి దాదాపు రెండేళ్లకోసారి విమానం నుంచి ఫొటోలు తీసి గడ్డి పటం గీస్తున్నారు. ఆ పటాలే 2016 తర్వాత గడ్డి మళ్లీ తగ్గుతోందని చూపించాయి. 2022 నాటికి అది 30 వేల ఎకరాలకు పడిపోయింది. అన్ని చోట్లా ఒకేలా తగ్గలేదు. ఉత్తరాన ఉన్న ఓల్డ్ టాంపా బేలో నష్టం ఎక్కువ, అక్కడే వేసవిలో నాచు విరివిగా పెరుగుతోంది, అక్కడే నీరు నెమ్మదిగా మారుతుంది. వాన నీటితో కొట్టుకొచ్చే నత్రజనిని ముందు ఏ కాలువల దగ్గర ఆపాలో ఇప్పుడు వాళ్లు ఆ పటం ముందు పెట్టుకునే నిర్ణయించుకుంటున్నారు.